హాజరుపట్టీలో ఒక గడి

 

వార్షికోత్సవ సంచిక అంటే క్రమశిక్షణ మీద ఒక వ్యాసం ఉండి తీరాలి. మేము హాస్టల్లో ఉన్నప్పుడు కూడా ఉండేది. నిజం చెప్పాలంటే ఆ పేజీ తిప్పేసి జోకులున్న పేజీకి పోయేవాళ్లం. ‘క్రమం తప్పక బడికి పోవలెను, పెద్దలను గౌరవించవలెను’ అనే సంగతి తెలియనిదెవరికి? అందుకే ఈసారి నీతులు పక్కన పెట్టి లెక్క చెప్పదలచుకున్నాం. హాజరు ఎంత ఉండాలి, అది ఎట్లా తగ్గుతుంది, తగ్గితే ఏం పోతుంది, తగ్గకుండా మనం ఏం చేయాలి అనేవే ఈ పాఠంలోని అంశాలు.

1. నిబంధన ఏమంటుంది?

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉంది. దాని ప్రకారం ఏడాదికి 1 నుండి 5వ తరగతి వరకు 200 పనిదినాలు, 6 నుండి 8వ తరగతి వరకు 220 పనిదినాలు బడి నడవాలి. 6 నుండి 8 వరకు పాఠాలు చెప్పే గంటలు ఏడాదికి 1000కి తగ్గకూడదు.

పదో తరగతి దాటి ఇంటర్‌లో చేరితే 75 శాతం హాజరు కావాలి. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు మంజూరుకు కూడా అదే 75 శాతం. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు ఈ స్కాలర్‌షిప్పు 1944 నుండి ఉంది. ఎందరో పోరాడి సాధించిన ఆ సాయం, మనం క్లాసులో కూర్చోని కారణంగా ఆగిపోవద్దు. ఇంజనీరింగులోనూ జె.ఎన్.టి.యు. 75 శాతమే అడుగుతుంది. అనారోగ్యం వంటి కారణం చూపిస్తే 65 వరకు మినహాయింపు దొరుకుతుంది, అంతకు తగ్గితే దొరకదు.

హాస్టల్ హాజరు వేరే ఉంటుంది. మెస్ ఛార్జీలు హాజరైన పిల్లల లెక్క మీదనే వస్తాయి. కనుక ఊరికి పోయిన దోస్తు పేరు పిలిచినప్పుడు మనం ‘ప్రజెంట్ సార్’ అంటే అది దోస్తీ కాదు, దొంగలెక్క. పైగా వాడు రాలేదన్న సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది. ఆ నష్టం ఎంత పెద్దదో మూడో భాగంలో చెప్తాం.

2. యాభై అయిదు రోజుల లెక్క

220 రోజుల్లో 75 శాతం అంటే 165. అంటే 55 రోజులు రాకున్నా హాజరు 75 దగ్గర నిలబడుతుంది. ‘అమ్మో, 55 రోజులా! అన్ని రోజులు నేనెందుకు ఎగ్గొడతాను?’ అంటారు మీరు. మేమూ అట్లనే అనుకున్నాం. ఒకసారి కూడుకొని చూడండి.

దసరా సెలవులు అయిపోయాక ఆలస్యంగా రావడం: 4 రోజులు.
సంక్రాంతి తరువాత: 3 రోజులు.
కురుమూర్తి జాతరో, చెర్వుగట్టు జాతరో: 3 రోజులు.
ఇంటికి పోయి సోమవారం బస్సు దొరకలేదనడం, నెలకు రెండుసార్ల చొప్పున పది నెలలకు: 20 రోజులు.
చుట్టాల పెండ్లి: 4 రోజులు.
జ్వరం: 7 రోజులు.
పత్తి ఏరడానికో, వరి కోతకో ఇంటి దగ్గర ఆగడం: 14 రోజులు.

మొత్తం 55. ఇందులో ఒక్కటి కూడా పెద్ద తప్పుగా కనబడదు. జ్వరం తెచ్చుకుంటే వచ్చేది కాదు, పెండ్లికి పోవద్దని ఎవరూ అనరు. కానీ ఓటికుండలో నీళ్లు పోయేది బొట్లు బొట్లుగానే. 1000 గంటల చదువులో నాలుగో వంతు, అంటే 250 గంటలు ఇట్లా పోతాయి. లెక్కల్లో భిన్నాలు చెప్పిన వారం మనం లేకపోతే శాతాలు అర్థం కావు, శాతాలు రాకపోతే వడ్డీ లెక్కలు రావు. అప్పుడు ‘నాకు లెక్కలు రావు’ అంటాం. రానిది లెక్కలు కాదు, ఆ వారం బడికి రానిది మనం.

ఈ జాబితాలో అన్నిటికన్నా పెద్దది సోమవారాలదే. ఆదివారం సాయంత్రం బస్సు ఎక్కితే 20 రోజులు మిగులుతాయి. జ్వరాన్ని ఆపడం మన చేతిలో లేదు, బస్సు ఎక్కడం మన చేతిలోనే ఉంది.

3. ఒక గడి ఖాళీ అయిన కథ

మన ప్రాంతంలో బడి మానడానికి సోమరితనం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. పాలమూరు నుండి కూలీలు పనికోసం దూరదేశాలకు వలస పోయేవారు. దేవరకొండ వైపు తండాల నుండి కుటుంబాలు హైదరాబాదు కట్టుబడి పనులకు పోయేవి. పెద్దలు పోతే పిల్లలూ వెంట పోయేవారు. 2001 జనాభా లెక్కల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో అక్షరాస్యత అన్నిటికన్నా తక్కువ ఉన్న జిల్లా మహబూబ్‌నగర్: సుమారు 44 శాతం. నల్లగొండలో 57 శాతం. 2011 నాటికి ఇవి 55, 64 అయ్యాయి.

గద్వాల వైపు ఇంకో కారణం కూడా ఉంది, సీడుపత్తి. సంకరజాతి విత్తనం తయారు కావాలంటే ఆడమొక్క మొగ్గలో కేసరాలను సాయంత్రం చేతితో తీసేయాలి. మరునాడు పొద్దున మగమొక్క పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. రెండు మూడు నెలలు రోజూ సాగే పని. పిల్లల వేళ్లు చిన్నవి, కూలీ తక్కువ అని పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను పెట్టుకునేవారు. ముందుగానే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చేవారు.

మా ఏడో తరగతిలో ఆ వైపు నుండి వచ్చిన మిత్రుడు ఒకడుండేవాడు. భోజనానికి మా వరుసలోనే కూర్చునేవాడు. నోటి లెక్కల్లో మాలో ఎవరమూ వానికి సాటి వచ్చేవాళ్లం కాదు. పంద్రాగస్టుకు జెండా ఎగరేసి, మిఠాయి తిని, ఇంటికి పోయాడు. తిరిగి రాలేదు. మొదటి నాలుగు రోజులు హాస్టల్ హాజరులో వాని బదులు మేమే పలికాం. వానికి మేలు చేస్తున్నామనుకున్నాం. తరువాత గడులన్నీ ఎర్ర సిరాతో నిండాయి. దసరా తరువాత పేరు మీద అడ్డగీత పడింది. వాని పెట్టె కొన్నాళ్లు మూలన ఉండి, ఎవరో వచ్చి తీసుకుపోయారు.

వార్డెన్ సారుకు చెప్పలేదు. పదిహేను పైసల కార్డు ముక్క రాయలేదు. వాని ఊరు మాలో ఇద్దరికి తెలుసు, అయినా పోలేదు. ఆ నాలుగు రోజులే అసలైన రోజులని, అప్పుడే అడిగితే తిరిగి వచ్చేవాడేమోనని ఇప్పుడనిపిస్తుంది. మా బ్యాచ్ కలిసిన ప్రతిసారి వాని మాట వస్తుంది, మేము తలలు దించుకుంటాం.

4. చట్టం మన పక్షాన ఉంది

ఆ రోజుల్లో లేని బలం ఇప్పుడు మీకుంది. ఇవి నోటుబుక్కులో రాసుకోండి.

విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుండి తీసివేయకూడదు. 17వ సెక్షన్ ప్రకారం కొట్టడం, మనసు నొచ్చేటట్టు వేధించడం నిషేధం. 4వ సెక్షన్ ప్రకారం చదువు మధ్యలో మానిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అంటే తప్పిపోయినవాడు తిరిగి రావడం ఒకరి దయ కాదు, వాని హక్కు.

బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. 14 ఏండ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదు. ఇంటివాళ్లకు సాయం చేయవచ్చు, అదీ బడి వేళలు అయిపోయాక, లేదా సెలవుల్లో మాత్రమే. కష్టంలో ఉన్న పిల్లల కోసం 1098కి ఫోన్ చేయవచ్చు, పైసలు పడవు.

5. ప్రవర్తన అంటే ఏమిటి?

ప్రవర్తన అంటే చేతులు కట్టుకొని నిలబడటం ఒక్కటే కాదు. ఇంటికి పోయేటప్పుడు లీవు చీటీ రాసి, ఏ రోజు తిరిగి వస్తామో అందులో వేసి, ఆ రోజుకు రావడం. గోడ దూకకుండా గేటు నుండి పోవడం. స్టడీ అవర్‌లో మనకు చదవబుద్ధి కాకున్నా పక్కవాని చదువు చెడగొట్టకపోవడం. తెల్లవారకముందే లేచి పొయ్యి ముట్టించే వంటమనిషిని, నీళ్లు పట్టే కామాటిని, రాత్రి మేలుకొని ఉండే వాచ్‌మెన్‌ను ‘అన్నా’, ‘అక్కా’ అని వరుస పెట్టి పిలవడం. అన్నం బాగుండకపోతే పళ్లెం విసరకుండా, నలుగురు కలిసి పోయి వార్డెన్ సారుతో మర్యాదగా చెప్పడం. అడగడం అవిధేయత కాదు.

డాక్టర్ అంబేడ్కర్ సాతారాలో చదువుకున్నప్పుడు క్లాసులో అందరికీ దూరంగా, ఇంటి నుండి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చునేవారు. బడి నౌకరు నల్లా విప్పితే తప్ప దాహం తీరేది కాదు. అట్లాంటి బడికి కూడా ఆయన పోయారు. ఈనాడు మనకు బల్ల ఉంది, నల్లా ఉంది. దాన్ని ఖాళీగా వదలకండి.

6. మా విన్నపం: మూడు రోజుల కట్టుబాటు

ప్రతి గదిలో ఇద్దరిద్దరు జతలుగా ఏర్పడండి. జత వాని ఊరు, ఇంటి ఫోన్ నంబరు నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. మొదటి రోజు రాకపోతే వాని బదులు పలకకండి. రెండో రోజు ఇంటికి ఫోన్ చేయించండి. మూడో రోజు వార్డెన్ సారుకు, క్లాసు టీచరుకు చెప్పండి. ఇది చాడీ కాదు. బడి మానేవానికి తిరిగి రావడానికి ధైర్యం చాలదు, ‘రా’ అని పిలిచే గొంతు ఒకటి కావాలి.

పూర్వ విద్యార్థులం మా వంతు మేమూ చేస్తాం. ఏ ఊరికైనా మనిషి పోయి తల్లిదండ్రులతో మాట్లాడాలంటే మాకు కబురు చేయండి, వస్తాం.

సారు పేరు పిలిచినప్పుడు ‘ప్రజెంట్ సార్’ అని మన పేరుకు మనం పలుకుదాం. పక్కవాని పేరుకు బదులు రాకపోతే మాత్రం వాడెక్కడున్నాడని అడుగుదాం.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు!

— మీ అన్నలు, పూర్వ విద్యార్థులు