లఘుచిత్రము – నేపథ్యసంగీతము

చలనచిత్రమున దృశ్యము కంటికి, సంగీతము చెవికి విందు. కాని కన్ను చూచినదానినే చెవికి మరల చెప్పుట నేపథ్యసంగీతము పని కాదు. దృశ్యము చెప్పజాలని దానిని అది చెప్పవలెను.

1955లో విడుదలయిన ‘పథేర్ పాంచాలి’ ఇందుకు ఉదాహరణము. పరదేశమునుండి వచ్చిన తండ్రి, కుమార్తె మరణించినదని తెలియక, ఆమెకై తెచ్చిన చీరను తల్లికి చూపును. తల్లి భోరున ఏడ్చును. కాని ఆ ఏడుపు మనకు వినబడదు. దానికి మారుగా దర్శకుడు సత్యజిత్ రాయ్ తారషెహనాయి నాదమును వినిపించెను. ఆ చిత్రమునకు సంగీతము కూర్చినవాడు రవిశంకర్.

గుండుగొలను కొల్లేటికి చేరువనున్న గ్రామము. అచటి విద్యార్థులు కొల్లేటిని గూర్చి లఘుచిత్రము తీయదలచిరనుకొందము. పేరొందిన సినిమాపాట నొకదానిని దానికి తగిలించుట సులభము. కాని అందు రెండు దోషములు కలవు. ప్రేక్షకుల మనస్సు కొల్లేటిని విడిచి ఆ సినిమాలోనికి పోవును. అదియుగాక, ఆ పాట పరుల సొత్తు. 1957 నాటి కాపీరైట్ చట్టము శబ్దముద్రణముపై హక్కును 60 ఏండ్లు కాపాడుచున్నది. అనుమతి లేక పరుల పాటను వాడుకొనుట తగదు.

కావున మొదట చిత్రమును సంగీతము లేకయే చూడవలెను. పిమ్మట కొల్లేటి ధ్వనులను చేర్చవలెను: తాటిదోనె క్రింద నీటి సవ్వడి, కిక్కిసపొదలలో గాలి, గూడకొంగల రెక్కల చప్పుడు. ఇంకను కొరతయున్నచోటనే, తోటి విద్యార్థి వేణువునో మృదంగమునో వినిపింపవచ్చును.

సరస్సును చేపలచెరువుల గట్లు ఆక్రమించిన దృశ్యము రాగానే పక్షుల కలకలము ఆగిపోయినచో, ఆ నిశ్శబ్దము కొల్లేటి వేదనను ఏ వాద్యముకన్నను చక్కగా తెలుపును. ఎచట వినిపింపవలెనో, ఎచట ఊరకుండవలెనో ఎరుగుటయే ఈ కళలోని మర్మము.