నట్టు ఎంత బిగించాలి?

బిందెకు తాడు కడతాం. ముడి వదులైతే బిందె బావిలో పడుతుంది. సీసా మూత మరీ బిగిస్తే మర పాడవుతుంది. ఏ పనికైనా తగిన బిగువు ఉండాలి. కారులోని చిన్న నట్టుకైనా అంతే.

ఒక ఊళ్లో రోడ్డు పక్కన కారు షెడ్డు ఉంది. అన్నదమ్ములు ఇద్దరూ అక్కడ పని చేస్తారు. అన్న భార్య రాత్రి బడికి వెళ్లి చదువు నేర్చుకుంది. షెడ్డు లెక్కలు ఇప్పుడు ఆమే రాస్తుంది. తమ్ముడు ఆమెను వదిన అంటాడు. మనమూ అలాగే అందాం.

ఒకరోజు ఒక అద్దె కారు వచ్చింది. గుంతల రోడ్ల మీద తిరిగి తిరిగి దాని ముందు షాకబ్జార్లు పాడయ్యాయి. డ్రైవరు విజయవాడ ఆటోనగర్‌లో కొత్తవి కొని తెచ్చాడు. అవి కారు కంపెనీవి కావు. వేరే కంపెనీ చేసినవి. పెట్టెలో ఒక కాగితం కూడా ఉంది.

షాకబ్జారు ఏం చేస్తుంది? చక్రం గుంతలో పడితే స్ప్రింగు అణుగుతుంది, మళ్లీ లేస్తుంది. అలా ఊగుతూనే ఉంటే బండి అదుపు తప్పుతుంది. షాకబ్జారు ఆ ఊపును తగ్గిస్తుంది. దాని గొట్టంలో నూనె ఉంటుంది. అందులో ఒక ఇనుప రాడ్డు పైకీ కిందికీ ఆడుతుంది. చాలా కార్లలో ముందు వైపు ఈ రాడ్డు చుట్టూ స్ప్రింగు ఉంటుంది. రాడ్డు పై కొసన నట్టు ఉంటుంది. స్ప్రింగు ఎగిరిపోకుండా పట్టి ఉంచేది ఆ నట్టే.

అందుకే అన్న ముందుగా స్ప్రింగును పరికరంతో రెండు వైపులా అణిచి పట్టాడు. ఆ తర్వాతే పాత నట్టు విప్పాడు. అణచకుండా నట్టు విప్పితే స్ప్రింగు తూటాలా ఎగురుతుంది. మనిషి ప్రాణమే పోవచ్చు.

కొత్త షాకబ్జారుకు స్ప్రింగు ఎక్కించారు. తమ్ముడు ఎయిర్ గన్నుతో నట్టు బిగించబోయాడు. నట్టుతో పాటు రాడ్డు కూడా గిర్రున తిరిగింది. నట్టు బిగియలేదు. రాడ్డును పట్టకారుతో పట్టుకోబోయాడు.

“ఆగవయ్యా! ఈ కాగితం చూశావా?” అంది వదిన.

“అదంతా ఇంగ్లీషు వదినా. మనకేం తెలుస్తుంది?”

“బొమ్మలకు భాష ఏముంది? అంకెలు మనం నేర్చుకున్నవేగా! ఇదిగో, గన్ను బొమ్మను కొట్టేశారు. పట్టకారు బొమ్మను కూడా కొట్టేశారు.”

అన్న వచ్చి చూశాడు. “మీ వదిన చెప్పింది నిజమేరా. పట్టకారు పళ్లు దిగితే రాడ్డు మీద గీతలు పడతాయి. ఆ గీతలు సీలును కోస్తాయి. నూనె కారిపోతుంది. గన్నుతో రాడ్డు తిరిగితే లోపలి భాగాలు దెబ్బతింటాయి” అన్నాడు.

రాడ్డు కొసన ఆరు పలకల గుంట ఉంది. అందులో అలన్ కీ పెట్టి రాడ్డు కదలకుండా పట్టారు. పానాతో నట్టు తిప్పారు. పాత నట్టు వాడలేదు. పెట్టెలో వచ్చిన కొత్త నట్టే పెట్టారు. లోపల నైలాను ఉంగరం ఉన్న నట్టు ఒకసారి విప్పితే పట్టు తగ్గుతుంది.

మరి ఎంత బిగించాలి? వదిన కాగితం మీద 5 అనే అంకె చదివింది. పక్కనున్న గుర్తు కేజీ మీటరు అని అన్న చెప్పాడు. అంటే 1 మీటరు పొడవున్న పానా కొసన 5 కిలోల బలం వేయాలి. పానా అర మీటరే అయితే 10 కిలోల బలం వేయాలి. పానా పొట్టిదైతే బలం ఎక్కువ కావాలి.

దీన్ని కొలిచే పానా ఉంది. దాని పేరు టార్క్ రెంచి. కావలసిన అంకె పెట్టి తిప్పాలి. బిగువు సరిపోగానే టిక్కుమంటుంది. అక్కడ ఆపాలి. కొన్ని కాగితాల్లో ఇదే బిగువును 49 న్యూటన్ మీటర్లు అని వేస్తారు. కాబట్టి అంకె ఒక్కటే చూస్తే చాలదు. పక్కనున్న గుర్తు కూడా చూడాలి. ఒక్కో కారుకు బిగువు ఒక్కో రకం.

బిగువు తక్కువైతే గుంతల్లో టకటక చప్పుడు వస్తుంది. నట్టు వదులై ఊడిపోవచ్చు. ఎక్కువైతే మర తెగిపోతుంది. రెండూ ప్రమాదమే. ఆ కారులో చంటిపిల్లలు ఎక్కుతారు. ముసలివాళ్లు ఎక్కుతారు.

పని అయ్యింది. డ్రైవరు ఊరి చివరిదాకా నడిపి చూశాడు. “చప్పుడు లేదక్కా” అన్నాడు.

ఆ కాగితాన్ని వదిన పారేయలేదు. కారు పేరు, నట్టు బిగువు పుస్తకంలో రాసుకుంది. మర్నాడు ఇంకో పెట్టె వచ్చింది. తమ్ముడు గన్ను ముట్టుకోలేదు. కాగితం తీసి, “వదినా, ముందు ఇది చదువు” అన్నాడు.

చెప్పండి:
1. పట్టకారుతో రాడ్డును ఎందుకు పట్టకూడదు?
2. స్ప్రింగును అణచకుండా నట్టు విప్పితే ఏమవుతుంది?
3. మీ ఇంట్లో మందు పెట్టె మీద, ఎరువు సంచి మీద ఏ అంకెలు ఉన్నాయి? చదవండి.

లెక్క చేయండి:
కాగితం మీద 6 కేజీ మీటరు అని ఉంది. పానా పొడవు అర మీటరు. దాని కొసన ఎన్ని కిలోల బలం వేయాలి?