ఆహారపు ఎలర్జీ – ముక్కు చెప్పు సాక్ష్యము

ఒకసారి దద్దుర్లు లేచినంతనే పిల్లవానికి పాలు, గ్రుడ్డు పూర్తిగా మాన్పించుట మనము తరచు చూచుచున్నాము. ఆ అనుమానము నిజమా, కాదా అని తేల్చుకొనుట ఎట్లు?

చర్మపరీక్ష, రక్తపరీక్ష కలవు. శరీరము ఆ పదార్థమునకు ప్రతిరక్షకములను సిద్ధము చేసికొన్నదని మాత్రమే అవి తెలుపును. తిన్నచో బాధ కలుగునని నిశ్చయముగా చెప్పజాలవు. వైద్యుని సమక్షమున ఆ ఆహారమునే కొద్దికొద్దిగా తినిపించి చూచుటయే ప్రామాణిక పరీక్ష. కాని అందు ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము కూడ సంభవింపవచ్చును.

అందుచేతనే కొందరు పరిశోధకులు ముక్కును ఆశ్రయించిరి. ఇది పూర్తిగా క్రొత్త మార్గము కాదు. ఇంగ్లండు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ పుప్పొడిని తన ముక్కుననే ఉంచుకొని పరీక్షించి, ఆ వివరములను 1873లో ప్రకటించెను. ఆహారము విషయమున మొదట ఉప్పునీటిని, పిమ్మట ఆహారసారమును స్వల్పమాత్రలో ముక్కున వేయుదురు. తుమ్ములు, దురద, నీరు కారుట గమనింతురు. ముక్కున గాలి ఆడు తీరును యంత్రముతో కొలుతురు.

అయినను కడుపులో జీర్ణమై మార్పు చెందు ఆహారమును ముక్కు ఎరుగదు. కనుక ముక్కు చెప్పునది సాక్ష్యమే గాని తీర్పు కాదు. ఆ సాక్ష్యమునైనను వైద్యుడే వినవలెను. ఇంటియందు ఇట్టి ప్రయోగము తగదు. పరీక్ష లేని అనుమానముతో పిల్లల పళ్లెమును ఖాళీ చేయుటయు తగదు.