వసేదా జట్టు అమెరికా యాత్ర

1905వ సంవత్సరము ఏప్రిల్ నెలలో యోకొహామా రేవునుండి ఒక ఓడ అమెరికాకు బయలుదేరెను. ఆ దినములలో జపాను దేశమునకును రష్యాకును ఘోరయుద్ధము జరుగుచుండెను. వేలకొలది యువకులు పటాలములలో చేరి మంచూరియాకు పోవుచుండిరి. అట్టి తరుణమున టోక్యో నగరమందలి వసేదా విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందఱు బంతియు కోలయు చేతబూని పసిఫిక్ మహాసముద్రమును దాటుచుండిరి. జపాను కళాశాలల జట్టు ఒకటి ఆడుటకై విదేశమునకు పోవుట అదియే మొదటిసారి.

వారి ఆట బేస్‌బాల్. క్రికెట్టువలెనే దీనియందును ఒకడు బంతిని విసరును. మఱియొకడు కోలతో కొట్టును. కాని ఇందు వికెట్లు లేవు. చతురస్రము యొక్క నాలుగు మూలలవలె నాలుగు స్థానము లుండును. బంతిని కొట్టినవాడు తక్కిన మూడు స్థానములను వరుసగా తాకి, బయలుదేరిన చోటికి మరల చేరినచో ఒక పరుగు. జట్టునకు తొమ్మిదిమంది, ముగ్గురు అవుటు కాగానే రెండవ పక్షము కొట్టుటకు వచ్చును. ఈ ఆటను 1872 ప్రాంతమున హొరేస్ విల్సన్ అను అమెరికా ఉపాధ్యాయుడు టోక్యోలో తన శిష్యులకు నేర్పెను. గురువు వచ్చిన దేశమునకే ఇప్పుడు శిష్యుల శిష్యులు పోవుచుండిరి.

వసేదా జట్టు 1901లో ఏర్పడెను. దానికి పెద్దదిక్కు అబె ఇసో అను ఆచార్యుడు. ఆయన అమెరికాలో చదివినవాడు. యుద్ధము తగదని ఎలుగెత్తి చెప్పిన శాంతివాది. జాతులు ఆటస్థలములలో కలిసికొన్నచో ఒకరి నొకరు అర్థము చేసికొందురని ఆయన నమ్మిక. దేశములోని జట్లనన్నిటిని ఓడించినచో అమెరికాకు తీసికొనిపోదునని ఆయన విద్యార్థులకు మాట యిచ్చెను. ఆ మాట అన్ననాడు వసేదావారు పసికూనలు. ఇంత త్వరగా దానిని చెల్లింపవలసివచ్చునని ఆయనయు అనుకొని యుండడు కాబోలు. 1904లో వారు బలవంతములైన ఇచికో, కెయో జట్లను మొదలుకొని ఎదిరించినవారి నందఱిని గెలిచిరి.

ఇక మాట నిలుపుకొనుట గురువు వంతు. యుద్ధకాలమున ఆటలకై ధనము వెచ్చించుట సులభమైన పని కాదు. అయినను అబె పట్టు విడువలేదు. విశ్వవిద్యాలయ స్థాపకుడును, పూర్వము ప్రధానమంత్రిగా నుండినవాడును అగు ఓకుమా షిగెనోబు అందులకు సమ్మతించెను.

అమెరికా పశ్చిమతీరమున వారు స్టాన్‌ఫర్డు మొదలగు విశ్వవిద్యాలయముల జట్లతోను, ఇతర జట్లతోను తలపడిరి. స్వదేశమున ఓటమి యెఱుగని వీరులు ఇచట వెంటవెంట ఓడిరి. మొత్తము ఆడినవి 26 ఆటలు. గెలిచినవి 7; ఓడినవి 19. బంతి విసరు కోనో అత్సుషి శ్రమ వర్ణింపనలవి కాదు. బలముగా బంతి విసరినవానికి భుజము కుదుటపడుటకు కొన్ని దినముల విశ్రాంతి కావలెను. కోనో దాదాపు అన్ని ఆటలలోను తానే విసరెను. అందుచే అతనికి 'ఇనుప కోనో' అని పేరు వచ్చెను.

ఓడుచున్నను ఆ విద్యార్థులు కన్నులు మూసికొని యుండలేదు. విసరువాడు చేతిని పైకెత్తి, శరీరమును వెనుకకు త్రిప్పి, ఆ ఊపుతో బంతిని వదలుట చూచిరి. బంతిని గట్టిగా మోదక, కోలను అడ్డుపెట్టి మెల్లగా జాఱవిడుచు ఉపాయమును గమనించిరి. పరుగెత్తువాడు నేలపై జాఱుచు స్థానమును చేరుట, ఆటకు ముందు అంగసాధన చేయుట, అడుగున ముండ్లుగల బూట్లు తొడుగుట అన్నియు నేర్చిరి.

తిరిగి వచ్చిన యేడే జట్టు నాయకుడు హషిదో షిన్ ఈ మెలకువలను గూర్చి ఒక పుస్తకము ప్రకటించెను. ఇది గమనింపదగిన విషయము. ఇంత కష్టపడి తెచ్చిన విద్యను దాచుకొన్నచో వసేదాకు కొన్నియేండ్లు తిరుగుండెడిది కాదేమో! పుస్తకము అచ్చయిన పిమ్మట దానిని ప్రత్యర్థులును చదువగలరు. కాగా ఆ మెలకువలు దేశమంతట వ్యాపించెను. ఆ శరత్కాలమున కెయోతో జరిగిన మూడు ఆటలలో వసేదా మొదటిది ఓడి, తక్కిన రెండింటిని గెలిచెను.

అమెరికానుండి వారు మఱియొక దానిని గూడ తెచ్చిరి. అచట విద్యార్థులు గుంపుగా గూర్చుండి, జెండాలూపుచు, ఒక్కగొంతుతో తమ జట్టును ప్రోత్సహించుచుండిరి. ఆ పద్ధతి టోక్యోలో వేగముగా వేరూనెను. వేగముగనే హద్దు మీఱెను. 1906 శరత్కాలమున మొదటి ఆట గెలిచిన కెయో విద్యార్థులు ఓకుమా ఇంటి ముందుకు పోయి జయజయధ్వానములు చేసిరి. రెండవ ఆట గెలిచిన వసేదా విద్యార్థులు కెయో స్థాపకుడగు ఫుకుజావా యుకిచి నివాసము ముందట అట్లే బదులు తీర్చుకొనిరి. మూడవ ఆటనాడు కొట్లాట తప్పదని ఇరుపక్షముల పెద్దలును భయపడిరి. ఆట రద్దయ్యెను.

అది ఒక్క దినముతో పోలేదు. ఆ రెండు జట్లు మరల ఎదురెదురుగా నిలుచుటకు 1925వ సంవత్సరము వచ్చెను. ఈ నడుమ హషిదో, కోనోలు చదువు ముగించిరి; 1920లో జపాను దేశపు మొదటి వృత్తిక్రీడాకారుల జట్టును స్థాపించినవారిలో వారిద్దఱును ఉండిరి. 1906లో ఆ మూడవ ఆట ఆడవలసి యుండిన విద్యార్థులు, వసేదా కెయో జట్లు మరల మైదానమున దిగునాటికి, నడివయస్సు వచ్చిన గృహస్థులై యుండిరి.