రౌటర్‌కు రెండు తాళాలు

"వైఫై పాస్‌వర్డ్ ఏంటి?" చుట్టాలు ఇంటికి వస్తే మంచినీళ్ల తర్వాత వినిపించే ప్రశ్న ఇదే. అదే ఇంట్లో "మీ రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఏంటి?" అని అడిగి చూడండి. అలాంటిది ఒకటి ఉందని కూడా చాలామందికి తెలియదు.

రౌటర్‌కు రెండు తాళాలు ఉంటాయి. మొదటిది వైఫై పాస్‌వర్డ్. మన నెట్‌వర్క్‌లోకి ఎవరు రావచ్చో అది చూసుకుంటుంది. రెండోది అడ్మిన్ పాస్‌వర్డ్. అది తెలిసినవాళ్లు రౌటర్‌లోని సెట్టింగ్స్ అన్నీ మార్చగలరు, మొదటి తాళంతో సహా.

మొదటి తాళం లేకపోతే ఏమవుతుందో మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో బాంబులు పేలడానికి కొద్ది నిమిషాల ముందు మీడియాకు ఒక ఈమెయిల్ వచ్చింది. ఐపీ అడ్రస్ ఆధారంగా పోలీసులు నవీ ముంబైలోని ఒక ఫ్లాట్‌కు చేరుకున్నారు. అక్కడ ఉంటున్న విదేశీయుడికి ఆ మెయిల్‌తో సంబంధం లేదు. రక్షణ లేని ఆయన వైఫైని వేరెవరో వాడుకున్నారు. బయటి ప్రపంచానికి ఇంట్లోని ఫోన్లన్నీ ఒకే ఐపీ అడ్రస్‌తో కనిపిస్తాయి కాబట్టి, ముందుగా ప్రశ్నలు ఎదుర్కోవాల్సింది ఇంటివాళ్లే.

రెండో తాళం సంగతి ఇంకా విచిత్రం. చాలా పాత రౌటర్లకు ఫ్యాక్టరీలో పెట్టే యూజర్‌నేమ్ 'అడ్మిన్', పాస్‌వర్డ్ కూడా 'అడ్మిన్'. ఇది దొంగకూ తెలుసు. 2016లో ప్రపంచాన్ని కుదిపిన 'మిరాయ్' మాల్‌వేర్ చేసిన పని చాలా సాదా: ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా ఒకటి పట్టుకుని, అరవై పైచిలుకు జతలను ఒక్కొక్కటిగా ప్రయత్నించడం. 2017 జులైలో బీఎస్ఎన్ఎల్ మోడెములపై మాల్‌వేర్ దాడి జరిగినప్పుడు కూడా దొరికిపోయింది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చనివే.

ఇక మన ఇంటి రౌటర్ దగ్గరకు వద్దాం. ముందు అమ్మానాన్నలకు చెప్పి, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. రౌటర్ అడుగున అంటించిన లేబుల్ చూడండి. 192.168.1.1 లేదా 192.168.0.1 లాంటి అడ్రస్, లాగిన్ వివరాలు అక్కడే ఉంటాయి. ఇంటి వైఫైలో ఉండి, ఆ అడ్రస్‌ను బ్రౌజర్‌లో టైప్ చేస్తే లాగిన్ పేజీ వస్తుంది. అన్నిటికన్నా ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. అది వైఫై పాస్‌వర్డ్‌లాగే ఉండకూడదు, ఎందుకంటే వైఫైది చుట్టాలందరికీ చెబుతాం కదా!

తర్వాత వైర్‌లెస్ సెక్యూరిటీ. అక్కడ డబ్ల్యూపీఏ3 ఉంటే అదే, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి. డబ్ల్యూఈపీ అని ఉంటే అది 2001లోనే బద్దలైన తాళం, దాని జోలికి పోవద్దు. పాస్‌వర్డ్‌గా నాన్నగారి ఫోన్ నంబరు పెట్టడం మన ఇళ్లలో అలవాటు. ఆ నంబరు పాలబ్బాయి దగ్గరా ఉంటుంది, కొరియర్ అతని దగ్గరా ఉంటుంది. దానికి బదులు గుమ్మడి, తాబేలు, కిటికీ, ఇస్త్రీ లాంటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి. అమ్మమ్మకైనా గుర్తుంటుంది.

అక్కడే డబ్ల్యూపీఎస్ అనే సెట్టింగ్ కనిపిస్తుంది. పాస్‌వర్డ్‌కు బదులు 8 అంకెల పిన్‌తో కనెక్ట్ కావడానికి పెట్టిన సదుపాయం ఇది. లెక్కలు ఇష్టమున్నవాళ్లు ఇక్కడ కాసేపు ఆగాలి. చివరి అంకె మిగతా వాటి నుంచి లెక్కకట్టేది కాబట్టి తెలియనివి 7 అంకెలు, అంటే కోటి పిన్‌లు. ఒక్కో ప్రయత్నానికి 3 సెకన్లు పట్టినా దాదాపు ఏడాది కావాలి. కానీ రౌటర్ మొదటి 4 అంకెలు సరైనవో కాదో విడిగా చెప్పేస్తుందని 2011 చివర్లో బయటపడింది. దాంతో మొదటి సగానికి 10,000, రెండో సగానికి 1,000, మొత్తం 11,000 ప్రయత్నాలు చాలు. 3 సెకన్ల చొప్పున తొమ్మిది గంటల పైచిలుకు! గుణించాల్సిన చోట కూడిక వచ్చి చేరింది. కొత్త రౌటర్లు తప్పు పిన్‌లు ఎక్కువైతే ఆపేస్తాయి. అయినా దాన్ని ఆఫ్ చేయడమే మేలు.

'రిమోట్ మేనేజ్‌మెంట్' కూడా ఆఫ్‌లో ఉండాలి. లేకపోతే బయటి ఇంటర్నెట్ నుంచి కూడా ఆ లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేయండి. గెస్ట్ నెట్‌వర్క్ సదుపాయం ఉంటే చుట్టాలకు దాని పాస్‌వర్డే ఇవ్వండి.

ఒక హెచ్చరిక. ఇదంతా మన సొంత రౌటర్ మీదే. పక్కింటివాళ్ల రౌటర్‌లోకి దూరితే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా పడవచ్చు.

కొత్త పాస్‌వర్డ్ మరిచిపోతే? రౌటర్ వెనక సన్నని రంధ్రంలో రీసెట్ బటన్ ఉంటుంది. పిన్నుతో కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే అన్నీ ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కు వెళ్లిపోతాయి. ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన కనెక్షన్ వివరాలు కూడా చెరిగిపోవచ్చు, అప్పుడు వాళ్లు వచ్చేదాకా ఇంట్లో నెట్ ఉండదు. కాబట్టి అడ్మిన్ పాస్‌వర్డ్‌ను ఒక కాగితం మీద రాసి, గ్యాస్ బుక్కు, కరెంటు బిల్లులు దాచే చోటే పెట్టండి.