ముగ్గులోని గణితము

తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టుట తెలుగువారి యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ధనుర్మాసము ప్రవేశించినది మొదలు సంక్రాంతి వెళ్లువరకు ఊరిలోని ప్రతి వీధియు చిత్రశాల వలె నుండును. కనుమనాడు రథము ముగ్గు వేసి, దాని త్రాటిని పొరుగింటి ముగ్గుతో కలుపుదురు. ఆ ముగ్గులను చూచి ఆనందించువారు పెక్కురు. వానిలో గణితము కలదని గ్రహించువారు కొందరే. పాఠశాలలోని గణిత ప్రదర్శనమునకై ఒక రేఖాచిత్రమును సిద్ధము చేయదలచిన విద్యార్థి దూరము పోయి వెదకనక్కరలేదు. తన యింటి వాకిలియే అందులకు చాలును.

మొదట వృత్తలేఖినితో కాగితముపై 5 సెంటీమీటర్ల వ్యాసార్ధము గల వృత్తమును గీయవలెను. పిమ్మట వృత్తలేఖిని కాళ్ల యెడమును ఏ మాత్రము మార్చక, దాని ముల్లును పరిధిపై ఒక బిందువున నిలిపి, వృత్తము లోపల ఒక అంచు నుండి రెండవ అంచు వరకు చాపమును గీయవలెను. ఆ చాపము కేంద్రము మీదుగా పోవును. అది పరిధిని తాకిన చోట మరల ముల్లును నిలిపి మరియొక చాపమును గీయవలెను. ఇట్లు పరిధి చుట్టును ఆరు చాపములు గీచినచో ఆరు రేకుల పుష్పము వికసించును. ఆరవ అడుగున వృత్తలేఖిని బయలుదేరిన బిందువునకే తిరిగి వచ్చును.

ఇది యాదృచ్ఛికముగా జరుగునది కాదు. పరిధిపై ప్రక్కప్రక్కనున్న రెండు గుర్తులను, కేంద్రమును సరళరేఖలతో కలిపిన ఒక త్రిభుజ మేర్పడును. దాని మూడు భుజములును వ్యాసార్ధమునకు సమానములు. కావున అది సమబాహు త్రిభుజము. దాని ప్రతి కోణమును 60 డిగ్రీలు. కేంద్రము చుట్టును ఉన్న 360 డిగ్రీలలో అట్టి కోణములు సరిగా ఆరు పట్టును. అందువలననే పుష్పము మూసికొనును.

చిత్రము చక్కగా వచ్చినదా, లేదా అను సంగతి ఉపాధ్యాయుడు చెప్పనక్కరలేదు, చిత్రమే చెప్పును. వృత్తలేఖిని యెడము ఒక్క మిల్లీమీటరు పెరిగి 5.1 సెంటీమీటర్లు అయినదనుకొందము. ఒక్కొక్క అడుగున తప్పు కంటికి కానరాదు. కాని ఆరు అడుగులు ముగియునప్పటికి వృత్తలేఖిని బయలుదేరిన బిందువును దాటి సుమారు 7 మిల్లీమీటర్లు ముందునకు పోవును. చిన్న తప్పును ఆదిలోనే దిద్దుకొననిచో అది అడుగడుగునకు పెరుగును.

ఆరు రేకులు సులభముగా వచ్చినవి గదా యని ఏడు రేకుల పుష్పమునకు పూనుకొనువారు కొందరుందురు. కొలబద్ద, వృత్తలేఖిని అను రెండు సాధనములతోనే క్రమ సప్తభుజిని కచ్చితముగా గీయుట సాధ్యము కాదు. 1796వ సంవత్సరమున జర్మనీ దేశీయుడైన గౌస్, పదునెనిమిదేండ్ల ప్రాయమున, పదునేడు భుజములు గల క్రమ బహుభుజిని ఈ సాధనములతో గీయవచ్చునని కనుగొనెను. ఏడు భుజముల దానిని గీయలేమని 1837వ సంవత్సరమున ఫ్రెంచి గణితజ్ఞుడు వాంట్జెల్ నిరూపించెను. ఒక పని యేల సాధ్యము కాదో తెలిసికొనుటయు విద్యయే.

ఇక రంగుల సంగతి. రంగులు వేయని ఆరు రేకుల పుష్పమునకు సౌష్ఠవాక్షములు ఆరు. దానిని 60 డిగ్రీలు త్రిప్పినను మొదటి రూపమే కనబడును. రేకులకు ఒకటి విడిచి ఒకటిగా ఎరుపు, పసుపు వేసినచో సౌష్ఠవాక్షములు మూడే మిగులును. మొదటి రూపము కనబడుటకు 120 డిగ్రీలు త్రిప్పవలెను. కావున రంగు వేయుటకు ముందే ఆలోచింపవలెను.

ఇప్పుడు వృత్తలేఖిని ముల్లు గుచ్చిన చోటులను లెక్కింపవలెను. కేంద్రమున ఒకటి, పరిధిపై ఆరు, మొత్తము ఏడు. గీతలన్నియు చెరిపి ఆ యేడు బిందువులను మాత్రమే మిగిల్చినచో, నడిమి వరుసలో మూడు, దాని పైనను క్రిందను సందులలో రెండేసి కనబడును. ముగ్గులు వేయువారు దీనినే ‘3 చుక్కలు, 2 వరకు సందు చుక్క’ అందురు. వృత్తలేఖిని చూపినదియు, అమ్మమ్మ వ్రేళ్లు పెట్టినదియు ఒక్కటే!

‘5 చుక్కలు, 3 వరకు’ అను ముగ్గున 19 చుక్కలు, ‘7 చుక్కలు, 4 వరకు’ అను దానిలో 37 చుక్కలు నుండును. 1, 7, 19, 37 అను ఈ సంఖ్యలను వరుసగా కూడుచు పోయినచో 1, 8, 27, 64 వచ్చును. ఇవి ఘన సంఖ్యలు. పండుగనాటి ‘15 చుక్కలు, 8 వరకు’ అను పెద్ద ముగ్గులోని చుక్కలను ఒక్కొక్కటిగా లెక్కింపనక్కరలేదు. నడిమి చుక్కను విడిచినచో మిగిలినవి మూడు సమభాగములగును. ఒక్కొక్క భాగమున వరుసకు ఏడేసి చుక్కలు గల వరుసలు ఎనిమిది. ఎనిమిదేడులు ఏబదియారు, మూడింతలు 168, నడిమి చుక్కతో 169.

ఏనాడును వృత్తలేఖినిని చేతబట్టని స్త్రీలు ఈ 169 చుక్కలను ఇంచుమించు సమదూరముల, నేలపై, చీకటి విడకముందే పెట్టుచు వచ్చిరి. ఒక్క చుక్క తప్పినను మెలిక మూసికొనదని వారికి తెలియును. పెక్కుమంది బాలికలు ముగ్గును చక్కగా వేయుచునే, గణితము తమకు రాదని భయపడుదురు. వాకిట తాము చేయుచున్నది గణితమేయని ఎవరును వారికి చెప్పకపోవుటయే అందులకు కారణము. ఆ భయమును విడిచిననాడు పుస్తకములోని పటములు వారికి పరిచితములుగనే తోచును.

ప్రదర్శనమునకు చిత్రమును సిద్ధపరచు విద్యార్థి ఇంటిలోని పెద్దవారిని అడిగి ఒక ముగ్గును నేర్చుకొనవలెను. చిత్రము ప్రక్కన కొలతలను, చుక్కల లెక్కను, ప్రతి పనికిని గల కారణమును వ్రాయవలెను. క్రింద తన పేరుతోపాటు ఆ ముగ్గు నేర్పినవారి పేరును గూడ వ్రాయుట ధర్మము. విద్య యెచ్చటనుండి వచ్చినదో చెప్పుకొనుట విద్యావంతుని మొదటి లక్షణము.

ప్రశ్నలు

1. ఆరవ అడుగున వృత్తలేఖిని మొదటి బిందువునకే చేరుటకు కారణమేమి?
2. ‘9 చుక్కలు, 5 వరకు సందు చుక్క’ అను ముగ్గున ఎన్ని చుక్కలుండును? ఒక్కొక్కటిగా లెక్కింపక చెప్పుడు.
3. మీ యింటిలో పెద్దలకు తెలిసిన ఒక ముగ్గును గీచి, దాని సౌష్ఠవాక్షములను గుర్తింపుడు.