మెక్సికోలో చదువు, చెలిమి

విదేశమునకు చదువుకొనబోవు విద్యార్థి తన వెంట గొనిపోవు వస్తువులు కొన్నియే. దుస్తులు, పుస్తకములు, తల్లి కట్టి యిచ్చిన ఆవకాయ సీసా, ఇవన్నియు నొక పెట్టెలో నిముడును. కాని యతడు విడిచిపోవునది పెట్టెలో నిముడునది కాదు. తన వీధి, తన వారు, తన భాష ఇంటనే నిలిచిపోవును. ఈ లోటును పూరించుకొన నేర్చిన విద్యార్థియే పరదేశమున నిలుకడగా చదువగలడు. అందులకు తరగతి గది యొక్కటియే చాలదు. తోడివారి సాంగత్యము వలయును. మెక్సికో దేశమున చదువు విదేశీయ విద్యార్థి యీ సాంగత్యము నెట్లు సంపాదించుకొనునో తెలిసికొందము.

మెక్సికో దేశము అమెరికా సంయుక్త రాష్ట్రములకు దక్షిణమున నున్నది. దాని రాజధాని మెక్సికో నగరము. సముద్రమట్టమునకు సుమారు 2,240 మీటర్ల యెత్తున నుండుటచే అచ్చట గాలి పలుచన. కొత్తగా వచ్చినవాడు నాలుగు మెట్లెక్కినచో నాయాసపడును. ఈ నగరమున మెక్సికో జాతీయ స్వయంప్రతిపత్తి విశ్వవిద్యాలయము కలదు. దీని మూలము 1551వ సంవత్సరమున స్పెయిను రాజశాసనముచే నేర్పడిన విద్యాలయము. పందొమ్మిదవ శతాబ్దమున మూతపడిన యా సంస్థ 1910లో నూతన విశ్వవిద్యాలయముగా మరల వెలసెను. 1929లో స్వయంప్రతిపత్తిని పొందెను. 1921లోనే విదేశీయుల కొరకు వేసవి పాఠశాల యచ్చట ప్రారంభమైనది.

నగరపు దక్షిణ భాగమున, పూర్వ మొక యగ్నిపర్వతము వెడలగ్రక్కిన లావా గడ్డకట్టిన నేలపై, విశ్వవిద్యాలయ ప్రాంగణమును నిర్మించిరి. అందలి కేంద్ర గ్రంథాలయపు గోడలపై హువాన్ ఓగోర్మన్ అను చిత్రకారుడు రంగురంగుల రాళ్లను పొదిగి మెక్సికో చరిత్రను చిత్రించెను. 2007లో యునెస్కో సంస్థ యీ ప్రాంగణమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. మూడు లక్షలకు పైబడిన విద్యార్థులు గల మహా విద్యాసంస్థ యిది. ఇందరి నడుమ కొత్తవాని కెవరును తెలియరు. అడవిలోని యొంటరితనముకంటె జనసమూహములోని యొంటరితనము మిక్కిలి బాధించును.

ఈ బాధకు మొదటి మందు భాష. అచ్చటి వ్యవహారభాష స్పానిషు. తెలుగు విద్యార్థి కీ భాషలో నొక సంగతి సులభముగా బోధపడును. మనము చిన్నవారిని, చెలికాండ్రను “నీవు” అనియు, పెద్దలను “మీరు” అనియు పిలుతుము గదా! వారును చెలికాని “తూ” అనియు, పెద్దవారిని “ఉస్తెద్” అనియు పిలుతురు. ఈ భేదము నెరుగక యింటి యజమానురాలిని “తూ” అని పిలిచినచో నామె నవ్వి యూరకుండవచ్చును గాని, మర్యాద తప్పినట్లే యగును. ఎదుటివారి మాట వినబడనప్పుడు “ఏమిటి?” అని యడుగుట యచ్చట మోటుగా తోచును, “మాందే” అందురు. ఆ మాటకు “ఆజ్ఞాపింపుడు” అని యర్థము. మన పెద్దలు “సెలవీయండి” అనెడి మాట యిట్టిదే.

వారి మర్యాద యొక్కొక్కప్పుడు కొత్తవానిని తికమకపెట్టును. మెక్సికోవాసి తన యింటి నుద్దేశించి “మీ యిల్లు” అనుట కలదు. “రేపు సాయంకాలము మీ యింట విందు” అని మిత్రుడు పిలిచినచో, కొత్తవాడు అతిథులు తన గదికే వత్తురని భ్రమించి కంగారుపడును. “నా యిల్లు మీ యిల్లే” అని యా మాటకు భావము.

పలుకరించు పద్ధతియు వేరు. పురుషులు కరచాలనము చేసికొందురు. చనువున్నచో కౌగిలించుకొని వీపు తట్టుదురు. స్త్రీలు ఒకరి చెంపకు మరియొకరు చెంప చేర్చి పలుకరింతురు. స్త్రీ పురుషుల నడుమను ఈ యాచారము కలదు. చేతులు జోడించి నమస్కరించుట కలవాటుపడిన మన విద్యార్థి తొలుత సిగ్గుపడును. అది వారి నమస్కారమని గ్రహించినచో సంకోచము తొలగును. నలుగురున్న చోటికి పోయినప్పుడు ఒక్కొక్కరిని వేరువేరుగ పలుకరింపవలెను. వెడలునప్పుడును అట్లే సెలవు తీసికొనవలెను. చెప్పక వెడలిపోవుట అనాదరమని భావింతురు.

మెక్సికోలో స్నేహము పెరుగు స్థలము భోజనపు బల్ల. అచ్చటి ప్రధాన భోజనము మధ్యాహ్నము రెండు గంటలకును నాలుగు గంటలకును నడుమ జరుగును. మొక్కజొన్న పిండితో చేసిన తొర్తీయా యను పలుచని రొట్టె, చిక్కుడుజాతి గింజల కూర, మిరపకాయ పచ్చడి వారికి నిత్యాహారము. మిరపకాయను చూడగనే తెలుగువానికి ప్రాణము లేచివచ్చును. నిజమునకు మిరప జన్మస్థానము మెక్సికో ప్రాంతమే. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారు దానిని మన దేశమునకు తెచ్చిరి. టమాటా యను పేరును మెక్సికో ప్రాచీనభాషయగు నహువాటల్ నుండి వచ్చినదే. మన గుంటూరు కారమునకు పూర్వీకులు ఆ గడ్డమీదివారని తెలిసిన విద్యార్థికి, ఆ దేశము కొంత చుట్టరికము గలదిగ తోచకపోదు.

శాకాహారి మాత్రము జాగ్రత్తపడవలెను. గింజల కూరను పందికొవ్వుతో వండు నలవాటు అచ్చట కలదు. తన నియమమును ముందుగనే వినయముతో చెప్పినచో గృహిణి వేరుగ వండి పెట్టును. చెప్పక విస్తరి ముందు ముఖము చిట్లించుట మర్యాద కాదు. ఫలహారశాలలో భోజనము చేయువారి ప్రక్కగా పోవునప్పుడు, ముఖపరిచయము లేకున్నను “ప్రొవేచో” అందురు. తిన్నది మీకు మేలు చేయుగాక యని దాని తాత్పర్యము. ఆ యొక్క మాట యన్న కొత్తవాడు నలుగురిలో నొకడగును.

భోజనము ముగిసినంతనే చేయి కడుగుకొని లేచిపోవుట అచ్చటి యాచారము కాదు. గిన్నెలు ఖాళీయైన పిదపను గంట, రెండు గంటలు కూర్చుండి మాటలాడుకొందురు. దీనికి “సోబ్రెమేసా” యని పేరు. తాత తన బాల్యమును గూర్చి చెప్పును. పిల్లలు బడిలోని వింతలు చెప్పుదురు. విదేశీయ విద్యార్థిని మీ యూరెట్లుండునని యడుగుదురు. తడబడుచు, తప్పులు పలుకుచు నతడు బదులు చెప్పును. ఎవరును వెక్కిరింపరు, మాట యందించి సాయపడుదురు. పుస్తకము ముందు వేసికొని నెలరోజులు వల్లించిన వ్యాకరణముకంటె, ఇట్టి బల్లయొద్ద గడపిన గంటలు భాషను నాలుకకు చేరువ చేయును. చదువున్నదని నెపము చెప్పి ప్రతిదినమును లేచిపోవు విద్యార్థి కాలమును మిగుల్చుకొన్నా ననుకొనును. కాని యతడు పోగొట్టుకొన్నది స్నేహము.

కాలము విషయమునను వారి లెక్క వేరు. రాత్రి యెనిమిది గంటలకు వేడుక యని పిలిచినచో తొమ్మిదింటికి పోవుట సాధారణము. సరిగా నెనిమిదింటికి తలుపు తట్టినవానికి, ఇంకను ముస్తాబు కాని గృహస్థు కానవచ్చును. “అఓరీతా” యను మాటకు “ఇప్పుడే” యని యర్థము. అది యొక నిమిషము కావచ్చును, ఒక గంటయు కావచ్చును. “ఇదిగో, వచ్చుచున్నాను” అని చెప్పి తీరికగా వచ్చు బంధువుల నెరిగిన మనకు ఇది మిక్కిలి వింత కాదు. అయినను తరగతికిని, పరీక్షకును ఈ లెక్క చెల్లదు.

పండుగలు కొత్తవాని నూరివానిగా చేయును. సెప్టెంబరు 15వ తేది రాత్రి నగరపు నడిబొడ్డున గల మహా చతురమున వేలకొలది జనులు గుమిగూడుదురు. 1810లో ఇదాల్గో అను మతాచార్యుడు ప్రజలను స్వాతంత్ర్యపోరాటమునకు పిలిచిన పిలుపును స్మరించి దేశాధ్యక్షులు జయధ్వానము చేయుదురు. నవంబరు 1, 2 తేదులలో మృతులను స్మరించు పండుగ వచ్చును. ఇండ్లయందును విద్యాలయములందును వేదికల నమర్చి, గతించినవారి పటములను, వారికి ప్రియమైన వంటకములను ఉంచి, దారి పొడవునను బంతిపూలు చల్లుదురు. మన సంక్రాంతి గొబ్బెమ్మలకును, బతుకమ్మకును అలంకారమగు బంతిపువ్వు మెక్సికోకు చెందినదే. పితృదేవతలను తలచుకొను దేశమునుండి పోయిన విద్యార్థి కీ పండుగ పరాయిదిగ తోచదు. తన తాతగారి పటము నొకటి ఆ వేదికపై నుంచుమని మిత్రులు కోరినచో, ఆ నాటినుండి యతడు వారికి అతిథి కాడు.

డిసెంబరు 16 మొదలు 24 వరకు తొమ్మిది రాత్రులు “పొసాదా” లనెడి వేడుకలు జరుగును. కొందరు వీధిలో నిలిచి విడిది యిమ్మని పాడుదురు. లోనివారు పాటతోనే బదులు చెప్పి, తుదకు తలుపు తెరతురు. పిమ్మట మిఠాయిలు నింపిన “పిన్యాతా”ను త్రాట వ్రేలాడదీసి, కనులకు గంతలు కట్టుకొని కఱ్ఱతో కొట్టుదురు. కృష్ణాష్టమినాడు ఉట్టి కొట్టిన బాలునకు దీనిని వేరుగ నేర్పవలసిన పని లేదు.

గ్వానహ్వాతో పట్టణమున మరియొక విద్యార్థి సంప్రదాయము కలదు. నల్లని పూర్వకాలపు దుస్తులు ధరించిన గాయక విద్యార్థులు వాద్యములు మీటుచు రాత్రివేళ ఇరుకు సందులలో నడచుచుందురు. వినువారు వెంట నడచుచు గొంతు కలుపుదురు. పాట పాడుటకు భాష పూర్తిగా రానక్కరలేదు.

ఇన్ని తలుపులు తెరచి యున్నను కొందరు లోనికి పోరు. స్వదేశీయులతోనే కలసి యుండి, స్వభాషనే మాటలాడి, తీరిక వేళలన్నియు సెల్‌ఫోనులో నింటివారితో గడపుదురు. ఇంటివారిని తలచుట ధర్మమే. కాని ప్రక్కగదివాని పేరైనను తెలియక సంవత్సరము గడచిపోవుట నష్టము. మరికొందరు సాంగత్యమే చదువనుకొని రాత్రులు వేడుకలలో గడపి, ద్రవ్యమును, ఆరోగ్యమును చెరచుకొందురు. పెద్ద నగరములలో రాత్రివేళ ఒంటరిగా సంచరించుటయు, ఎరుగని వాహనము నెక్కుటయు మంచిది కాదు. ఇష్టము లేని పానీయమును “నాకు వలదు, కృతజ్ఞుడను” అని నవ్వుచు నిరాకరించినచో స్నేహము చెడదు.

భాష రాదని వెనుదీయువారు సతీశ్ గుజ్రాల్‌గారి చరిత్రమును తెలిసికొనవలెను. ఆయన 1925లో జీలం పట్టణమున జన్మించెను. బాల్యముననే వినికిడి కోల్పోయెను. లాహోరు, బొంబాయి నగరములలో చిత్రకళ నభ్యసించి, 1952లో ఉపకారవేతనముపై మెక్సికోకు పోయెను. పరభాష యందరికిని గోడయే. చెవికి మాట సోకని యా యువకునకు అది రెండింతల గోడ. అయినను ఆయన వెనుదీయలేదు. కుడ్యచిత్రకళలో జగత్ప్రసిద్ధులైన డియేగో రివేరా, సికేరోస్ అను నాచార్యుల యొద్ద పనిచేసెను. చిత్రకారిణి ఫ్రీడా కాలోతో మైత్రి సంపాదించెను. అచ్చట నేర్చిన కుడ్యకళను స్వదేశమున విస్తరింపజేసెను. ఢిల్లీలోని బెల్జియం రాయబార కార్యాలయ భవనమునకు రూపకల్పన చేసినవారును ఆయనయే. 1999లో పద్మవిభూషణ పురస్కారము నందుకొని, 2020లో కీర్తిశేషుడయ్యెను. చెవి వినకున్నను చెలిమి పెంపొందినదన్నచో, చెవి యున్నవారికి నెపమేమున్నది?

మైత్రి యొక చేతితో కొట్టు చప్పట కాదు. వచ్చినవాడు ముందడుగు వేయవలెను; ఉన్నవారు తలుపు తీయవలెను. మన హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పెక్కు దేశములనుండి విద్యార్థులు వచ్చి చదువుకొనుచున్నారు. వారికిని మన భాష కొత్త, మన కారము కొత్త, మన పండుగలు కొత్త. వారును తల్లి కట్టి యిచ్చిన పెట్టెతో దిగినవారే. అట్టి విద్యార్థి యొకడు మన వీధిలో కనబడినప్పుడు వింతగా చూచి తప్పుకొనుటయో, “భోజనము చేసితివా?” యని పలుకరించుటయో మన చేతిలోనిదే. ఆ యొక్క ప్రశ్న యతని తొలి తెలుగు పాఠము కాగలదు.